రోగి మందును ఓటుకు పెట్టరాదు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో చాలా ఊళ్ళ నగరసభలు ఒక ప్రశ్న మీద రాత్రి పొద్దుపోయే దాకా వాదించుకుంటూ ఉంటాయి: మా ఊళ్ళో ఔషధ గంజాయి దుకాణాన్ని అనుమతించాలా, వద్దా? ఒక వైపు పిల్లల తల్లిదండ్రులు, ఇళ్ళ ధరలు పడిపోతాయని భయపడేవారు, పోలీసు అధికారులు. మరొక వైపు వ్యాపారి, ఆయన న్యాయవాది. ఇద్దరి నడుమ ఒక రోగి. అందరికీ ఇచ్చే రెండు మూడు నిమిషాలే రోగికీ ఇస్తారు. ఆ కాస్త వ్యవధిలో తన వ్యాధి పేరు, తన నొప్పి, తన వాంతులు, తన నిద్రలేమి ఇరుగుపొరుగు వారందరూ వినేటట్లు చెప్పుకోవాలి. ఆ తరువాత అయిదుగురో, ఏడుగురో సభ్యులు చేతులెత్తి ఆ రోగి మందు సంగతి తేలుస్తారు.

మధుమేహరోగి ఇన్సులిన్ కొరకు నగరసభను వేడుకోవడం ఎక్కడైనా చూశామా? కాన్సరు రోగి మార్ఫిన్ మాత్రలు దొరకాలంటే ఊరి పెద్దల ఓటు కావాలా? వ్యాధి వివరాలను గోప్యంగా ఉంచడం వైద్యవృత్తిలో మొదటి పాఠాలలో ఒకటి. ఆ గోప్యతను బహిరంగ సభలో విడిచిపెడితే తప్ప మందు దొరకదనడం ఏ ఊరికీ గౌరవం కాదు.

ఈ వ్యాసంలో నా వాదం ఒక్కటే. దుకాణం ఏ వీధిలో ఉండాలి, ఎన్నింటికి మూయాలి, బోర్డు ఎంత ఉండాలి అనే విషయాలు నిర్ణయించే అధికారం ఊరికి ఉండాలి. రాష్ట్రం అనుమతించిన ఔషధం ఆ ఊరి రోగికి అందాలా, వద్దా అని నిర్ణయించే అధికారం మాత్రం ఊరికి ఉండరాదు. గంజాయి సర్వరోగనివారిణి అని నేను చెప్పబోవడం లేదు. అది కానే కాదు. దాని పరిమితులనూ, హానినీ కూడా ఈ వ్యాసంలోనే చెబుతాను. అవన్నీ ఒప్పుకున్న తరువాత కూడా ఈ వాదం నిలుస్తుంది.

తగవు ఎలా మొదలైంది

ఈ తగవుకు పుట్టినిల్లు కాలిఫోర్నియా. 1996 నవంబరులో ఆ రాష్ట్రపు ఓటర్లు 215వ ప్రతిపాదనను సుమారు 56 శాతం ఓట్లతో గెలిపించారు. వైద్యుని సిఫారసు ఉన్న రోగి, ఆ రోగిని చూసుకునే వ్యక్తి గంజాయిని పెంచుకున్నా, దగ్గర ఉంచుకున్నా రాష్ట్ర చట్టం క్రింద శిక్షించరాదన్నది దాని సారాంశం. రోగులకు సురక్షితంగా, అందుబాటు ధరలో గంజాయి చేరే పథకాన్ని సమాఖ్య ప్రభుత్వమూ, రాష్ట్ర ప్రభుత్వమూ రూపొందించాలని కూడా ఆ చట్టం కోరింది.

ఆ పథకం రాలేదు. 1970 నాటి సమాఖ్య చట్టం గంజాయిని వైద్యప్రయోజనమే లేని మొదటి తరగతి మాదకద్రవ్యాల జాబితాలో పెట్టింది. కాబట్టి వాషింగ్టన్ కదలలేదు. రాష్ట్ర శాసనసభ 2003లో రోగులకు గుర్తింపు కార్డులను, రోగులు కలిసి సాగుచేసుకొనే సంఘాలను గుర్తిస్తూ ఒక చట్టం చేసింది. పంట నుంచి దుకాణం దాకా లైసెన్సులతో కూడిన సమగ్రమైన చట్టం 2015లో గాని రాలేదు. అంటే ఓటర్లు కోరిన పందొమ్మిది సంవత్సరాలకు! ఆ మధ్యకాలంలో దుకాణాలు వాటంతట అవే వెలిశాయి. వాటిని ఎవరు తనిఖీ చేయాలో, ఏ ప్రమాణాలు పాటించాలో చెప్పేవారు లేరు. బరువంతా నగరసభల నెత్తిన పడింది.

లాస్ ఏంజలెస్ నగరం పడిన పాట్లు చూస్తే జాలి కలుగుతుంది. 2007లో కొత్త దుకాణాలపై తాత్కాలిక నిషేధం విధించారు. ఇబ్బంది ఉన్నవారు మినహాయింపు కోరవచ్చునని అందులోనే ఒక వెసులుబాటు ఉంది. దరఖాస్తు పడేసి వందల మంది దుకాణాలు తెరిచారు. 2010లో మరొక ఆర్డినెన్సు చేశారు. దాని మీద వ్యాజ్యాలు నడిచాయి. 2012 జులైలో నగరసభ దుకాణాలను పూర్తిగా నిషేధించింది. ఆ నిషేధాన్ని ప్రజల ఓటుకు పెట్టాలని సంతకాల సేకరణ జరగగా, అక్టోబరులో తన నిషేధాన్ని తానే రద్దు చేసుకుంది. చివరకు 2013 మేలో ఓటర్లే పూనుకొని, 2007 నుంచి ఉన్న సుమారు 135 దుకాణాలకు మాత్రమే వెసులుబాటు కల్పించారు. ఈ ఆరేళ్ళలో దుకాణం రేపు ఉంటుందో, ఉండదో రోగికి తెలియదు.

అదే 2013 మేలో కాలిఫోర్నియా సర్వోన్నత న్యాయస్థానం రివర్‌సైడ్ నగరపు వ్యాజ్యంలో ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 1996 నాటి చట్టం రోగులకు శిక్ష నుంచి పరిమితమైన రక్షణ మాత్రమే ఇచ్చిందనీ, భూవినియోగాన్ని నియంత్రించే స్థానిక ప్రభుత్వాల అధికారాన్ని తొలగించలేదనీ, కావున నగరాలు దుకాణాలను పూర్తిగా నిషేధించవచ్చుననీ ఆ తీర్పు సారాంశం. న్యాయమూర్తులు చట్టంలో ఉన్న అక్షరాన్ని చదివారు, వారిని తప్పుపట్టను. లోపం చట్టంలో ఉంది. కాని దాని ఫలితమేమిటి? అదే సంవత్సరం లైవ్ ఓక్ అనే చిన్న నగరం గంజాయి సాగును సంపూర్ణంగా నిషేధించడం కూడా చెల్లుతుందని రాష్ట్రపు అప్పీలు కోర్టు తేల్చింది. దుకాణం వద్దన్నారు, సరే. రోగి పెరటిలో రెండు మొక్కలు కూడా వద్దన్నారు. ఇక ఆ రోగికి రాష్ట్రం ఇచ్చిన హక్కు ఎక్కడ చెల్లుతుంది?

2015 నాటి చట్టంతో మరొక వింత జరిగింది. 2016 మార్చి 1వ తేదీలోగా సాగుపై సొంత నిబంధనలు చేసుకోని ఊళ్ళకు ఆ అధికారం పోతుందనే వాక్యం అందులో పొరపాటున మిగిలిపోయింది. ఫిబ్రవరి మొదట్లోనే శాసనసభ ఆ వాక్యాన్ని తొలగించింది. కాని అప్పటికే గడువు తరుముకొస్తోందన్న భయంతో ఎన్నో నగరాలు, కౌంటీలు హడావిడిగా నిషేధాలు చేసేశాయి. గడువు పోయింది, నిషేధాలు మాత్రం చాలా చోట్ల మిగిలాయి. రోగుల అవసరాన్ని ఎవరూ తూచి చూడలేదు. ఒక అచ్చుతప్పు వారి గతిని నిర్ణయించింది.

2016లో ఓటర్లు వినోదానికి వాడే గంజాయిని కూడా అనుమతించారు. అయినా నేటికీ ఆ రాష్ట్రపు నగరాలలో, కౌంటీలలో సగానికి పైగా చిల్లర దుకాణాలను అనుమతించడం లేదు. పోనీ, రోగి ఇంటికే సరుకు చేర్చవచ్చునని రాష్ట్రం నియమం చేస్తే శాంటా క్రూజ్ కౌంటీ, ఇరవైకి పైగా నగరాలు కలిసి దానిపై కోర్టుకెక్కాయి. ఆ దావాను 2020లో కొట్టివేశారు. ఆ తరువాత 2022లో శాసనసభ ఒక చట్టం చేసి, రోగుల ఇళ్ళకు ఔషధ గంజాయిని చేర్చడాన్ని ఏ స్థానిక ప్రభుత్వమూ నిషేధించరాదని కట్టడి చేసింది. అది 2024 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. మంచం పట్టిన మనిషి ఇంటి తలుపు దాకా మందు రావడానికి ఇరవై ఏడేళ్ళు పట్టింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనవాళ్ళు ఊరికే అనలేదు.

వైద్యశాస్త్రం ఎంతవరకు ఒప్పుకుంటుంది

గంజాయి మొక్కలో వందకు పైగా కన్నబినాయిడ్లు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి రెండు. మత్తు కలిగించేది టీహెచ్‌సీ. అటువంటి మత్తు కలిగించనిది సీబీడీ. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు అప్పటి వరకు వచ్చిన పరిశోధనలను పరిశీలించి 2017లో ఒక పెద్ద నివేదికను వెలువరించాయి. మూడు విషయాలలో గట్టి ఆధారాలున్నాయని ఆ నివేదిక తేల్చింది: పెద్దలలో దీర్ఘకాలిక నొప్పి, కీమోథెరపీ వలన కలిగే వికారం, వాంతులు, మల్టిపుల్ స్క్లిరోసిస్ వ్యాధిలో రోగులు తాము అనుభవిస్తున్నామని చెప్పే కండరాల బిగువు.

ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఈ మొక్కను పూర్తిగా త్రోసిపుచ్చలేదు. కృత్రిమంగా తయారుచేసిన టీహెచ్‌సీని డ్రొనాబినాల్ పేరిట 1985లోనే ఆమోదించింది. మొక్క నుంచి తీసి శుద్ధిచేసిన సీబీడీని ఎపిడియొలెక్స్ పేరిట 2018లో, డ్రావే సిండ్రోము, లెన్నాక్స్ గాస్టో సిండ్రోము అనే రెండు తీవ్రమైన బాల్యమూర్ఛలకు ఆమోదించింది. ఒక ప్రక్క సమాఖ్య చట్టం ఈ మొక్కకు వైద్యప్రయోజనమే లేదంటుంది. మరొక ప్రక్క అదే సమాఖ్య ప్రభుత్వపు సంస్థ ఆ మొక్క నుంచి వచ్చిన మందును ఫార్మసీలో అమ్మనిస్తుంది. ఈ వైరుధ్యాన్ని ఏ నగరసభా సృష్టించలేదు. అయితే దాని మూల్యం చెల్లించేది మాత్రం రోగి.

ఆమోదం పొందిన మందులుండగా దుకాణం ఎందుకని అడగవచ్చు. ప్రశ్న సబబైనదే. ఎడతెగని వాంతులతో ఉన్న రోగికి డ్రొనాబినాల్ గుళిక మింగడమే కష్టం. మింగినా పనిచేయడానికి సమయం పడుతుంది. కండరాల బిగువుకు నోటిలో చిమ్ముకొనే నాబిక్సిమాల్స్ అనే మందు కెనడాలో, బ్రిటన్‌లో ఉంది. అమెరికాలో ఆమోదం పొందలేదు. మంచి మందులు వచ్చి, వాటికి భీమా సంస్థలు డబ్బు చెల్లించే రోజు వస్తే ఈ దుకాణాల అవసరం తగ్గుతుంది. ఆ రోజు రావాలనే నేను కోరుకుంటాను. అది వచ్చేవరకు రోగి ఏం చేయాలన్నదే ప్రశ్న.

ఇక రెండవ వైపు. నీటికాసుల వ్యాధికి గంజాయి మంచిదన్న ప్రచారం ఉంది. అది కంటిలోని పీడనాన్ని కొద్ది గంటలే తగ్గిస్తుంది. నేత్రవైద్యుల సంఘం దానిని చికిత్సగా సిఫారసు చేయదు. కౌమారంలో మెదడు ఇంకా ఎదుగుతూ ఉంటుంది. ఆ వయస్సులో తరచు వాడితే జ్ఞాపకశక్తికి, చదువుకు చేటు. స్కిజోఫ్రీనియా వంటి మనోవ్యాధులకు లోనయ్యే తత్త్వం ఉన్నవారిలో అధిక మోతాదు టీహెచ్‌సీ ఆ వ్యాధిని ముందుగా బయటపెట్టవచ్చు. గర్భిణులు వాడితే పుట్టే శిశువు బరువు తగ్గే అవకాశం ఉంది. వాంతులకు మందుగా వాడే ఈ పదార్థమే, ఏళ్ళ తరబడి రోజూ వాడేవారిలో కొందరికి ఆగని వాంతులను కలిగిస్తుంది. సీబీడీ వార్‌ఫరిన్, క్లోబజామ్ వంటి మందుల ప్రభావాన్ని పెంచగలదు. వృద్ధులలో మగత, తూలి పడిపోవడం చిన్న విషయాలు కావు.

గంజాయి దొరికితే నల్లమందు జాతి మందుల వలన కలిగే మరణాలు తగ్గుతాయని వ్యాపారులు చెబుతారు. 2014లో వచ్చిన ఒక అధ్యయనం అలాగే సూచించింది: ఔషధ గంజాయి చట్టాలున్న రాష్ట్రాలలో ఆ మరణాల రేటు సుమారు 25 శాతం తక్కువగా కనబడింది. అదే లెక్కను 2017 సంవత్సరం దాకా పొడిగించి 2019లో మరికొందరు పరిశోధకులు చూడగా ఫలితం తలక్రిందులై, రేటు సుమారు 23 శాతం ఎక్కువగా కనబడింది. రెంటిలోనూ కార్యకారణ సంబంధం రుజువు కాలేదన్నది సరియైన పాఠం. ఇటువంటి అంకెలను సభలో జెండాలా ఎగురవేయడం మానాలి.

మొత్తం మీద తేలేది ఏమిటి? కొందరు రోగులకు కొంత మేలు చేసే, కొంత కీడు కూడా చేయగల ఒక మందు. ఇటువంటి మందులు మన ఫార్మసీలలో వందలున్నాయి. వాటిలో దేనికీ ఊరి ఓటు అక్కరలేదు.

నగరసభల అభ్యంతరాలు

మన భాషలో మందు అనే మాటకు రెండర్థాలు వాడుకలో ఉన్నాయి: ఔషధం ఒకటి, మద్యం ఒకటి. నగరసభలు ఈ దుకాణాన్ని రెండవ అర్థంలోనే చూస్తాయి. వారి అభ్యంతరాలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

మొదటిది సమాఖ్య చట్టం. అది నిషేధించిన దానిని ఊరు ఎలా అనుమతించగలదని అడుగుతారు. 2014 డిసెంబరు నుంచి కాంగ్రెసు తన వ్యయ చట్టాలలో ఒక నిబంధన పెట్టి, రాష్ట్రాల ఔషధ గంజాయి చట్టాలకు అడ్డుపడడానికి న్యాయశాఖ డబ్బు ఖర్చు చేయరాదని ఆంక్ష విధిస్తూ వస్తోంది. మిచిగన్‌లో వయోమింగ్ అనే నగరం సమాఖ్య చట్టాన్ని చూపించే రోగులను అడ్డగించింది. 2014లో ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానం, రాష్ట్ర చట్టం ఇచ్చిన రక్షణను ఊరి ఆర్డినెన్సు లాగివేయలేదని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. కాబట్టి సమాఖ్య చట్టం చాటున దాక్కోవడం ఊళ్ళకు తగదు.

రెండవది నేరాలు. బాంకులు దూరంగా ఉండడం వలన ఈ దుకాణాలలో నగదు ఎక్కువ. దొంగల భయం నిజమే. కాని దుకాణం మూస్తే నేరాలు తగ్గుతాయా? ఈ విషయంపై రాండ్ సంస్థ 2011లో లాస్ ఏంజలెస్ గురించి ఒక నివేదిక ఇచ్చి, లెక్కలలో లోపం ఉందని వెనక్కు తీసుకుంది. ఆ తరువాత చాంగ్, జేకబ్సన్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు అదే నగరంలో 2010లో మూయించిన దుకాణాలను తిరిగి పరిశీలించి 2017లో ప్రకటించిన అధ్యయనంలో, మూసిన దుకాణాల చుట్టుప్రక్కల నేరాలు తగ్గకపోగా కొంతకాలం పెరిగాయని తేలింది. భోజనశాలలు మూతపడినప్పుడూ అలాగే జరుగుతోందని వారు గమనించారు. మనుషుల రాకపోకలు ఆగిన వీధి దొంగకు అనుకూలం. ఒక్క అధ్యయనంతో అన్నీ తేలవు. అయితే దుకాణమంటే నేరమన్న మాటను కూడా ఆధారం లేకుండా ఒప్పుకోలేము.

మూడవది పిల్లలు. ఈ భయాన్ని నేను తేలికగా తీసుకోను. అందుకు మార్గం దూరం, వయస్సు తనిఖీ, పిల్లలు తెరవలేని డబ్బాలు. ఫ్లోరిడాలో పాఠశాలకు 500 అడుగుల లోపల, ఓక్లహోమాలో 1,000 అడుగుల లోపల దుకాణం ఉండరాదన్నది నియమం. లైసెన్సు ఉన్న దుకాణదారు గుర్తింపు కార్డు అడుగుతాడు. సందు చివర నిలబడి అమ్మేవాడు ఏనాడూ వయస్సు అడగడు. 2019లో వేపింగ్ వలన ఊపిరితిత్తులు దెబ్బతిన్న ఉపద్రవాన్ని గుర్తుచేసుకోండి. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలయ్యారు. వారిలో 68 మంది మరణించారు. విటమిన్ ఇ ఎసిటేట్ కలిపిన టీహెచ్‌సీ సరుకు ప్రధాన కారణమని, అది ఎక్కువగా లైసెన్సు లేని చేతుల మీదుగా వచ్చిందని ప్రజారోగ్య సంస్థలు తేల్చాయి. కీమోథెరపీతో రోగనిరోధకశక్తి తగ్గిన రోగి బూజు పట్టిన గంజాయిని పీలిస్తే ఊపిరితిత్తులలో ఆస్పర్జిల్లస్ వ్యాధి కలుగవచ్చు. పరీక్షలు జరిగిన సరుకును ఊరి పొలిమేర దాటించిన నగరసభ, పరీక్షలు లేని సరుకును ఆపగలిగిందా?

నాలుగవది దొంగ రోగులు. ఉన్నారు. వైద్యుల సిఫారసులు కొన్ని చోట్ల అంగడి సరుకైపోయిన మాట వాస్తవం. అటువంటి వైద్యులను శిక్షించడం వైద్య మండలి పని. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోము కదా!

అయిదవది అన్నిటికంటే బలమైనది: మా ఊరు, మా ఇష్టం. స్థానిక స్వపరిపాలన మీద నాకు గౌరవం ఉంది. రోడ్డు, మురుగు కాలువ, పార్కు, పన్ను, వీటిని ఊరివారే తేల్చుకోవాలి. అయితే ఏ ఊరిలోనైనా రోగగ్రస్తులు అల్పసంఖ్యాకులే. ఓటు పెడితే ఎప్పుడూ ఓడిపోయేది వారే. ఆరోగ్యవంతులైన అధికసంఖ్యాకులు మందు వద్దన్నంత మాత్రాన అది ప్రజాస్వామ్యం అనిపించుకోదు. పైగా నిషేధించిన ఊరు తన రోగులను ప్రక్క ఊరికి పంపుతుంది. ఆ ప్రక్క ఊరు, ఇందరు బయటివారు వస్తున్నారు కాబట్టి మేమూ నిషేధిస్తామంటుంది. కారు నడపగలిగిన వాడు ముప్పై మైళ్ళు పోయి తెచ్చుకుంటాడు. కారు నడపలేని వృద్ధురాలు, చేతులు వణికే రోగి, మూర్ఛ వలన లైసెన్సు పోగొట్టుకున్న యువకుడు, వీరి మీదనే నిషేధం బరువంతా పడుతుంది. ఎవరికి అవసరం ఎక్కువో వారినే అది వెదకి పట్టుకుంటుంది.

కంచె చేను మేసినప్పుడు

ఊరికి అపరిమితమైన విచక్షణాధికారం ఇస్తే ఏమవుతుందో మసాచుసెట్స్ చూపించింది. అక్కడ 2012లో ఓటర్లు ఔషధ గంజాయిని ఆమోదించారు. ప్రతి కౌంటీలో కనీసం ఒక్క దుకాణమైనా ఉండాలన్నది ఆ చట్టపు ఉద్దేశం. వేక్‌ఫీల్డ్ అనే ఊరు సంపూర్ణ నిషేధం చేయగా, 2013 మార్చిలో అప్పటి అటార్నీ జనరల్ మార్తా కోక్లీ దానిని త్రోసిపుచ్చారు. ఊళ్ళు స్థలాన్ని నియంత్రించవచ్చు, ఆలోచించుకోవడానికి పరిమితమైన గడువు తీసుకోవచ్చు, చట్టాన్నే వమ్ము చేయరాదు అన్నది ఆమె అభిప్రాయం. నా దృష్టిలో ఈ తగవు మొత్తంలో వెలువడిన వివేకవంతమైన నిర్ణయాలలో అది ఒకటి.

కాని అదే రాష్ట్రంలో లైసెన్సు కావాలంటే స్థానిక అధికారి నుంచి మాకు అభ్యంతరం లేదనే లేఖ తెచ్చుకోవాలన్న నియమం వచ్చింది. ఫాల్ రివర్ నగరంలో ఆ లేఖ మీద సంతకం మేయరుది. జాసియల్ కొరెయా అనే ఆ మేయరు గంజాయి వ్యాపారుల వద్ద ఆ లేఖలకు లంచాలు గుంజినట్లు 2021లో రుజువై, ఆరు సంవత్సరాల జైలుశిక్ష పడింది. కాలిఫోర్నియాలో అడెలాంటో నగరసభ సభ్యుడొకరు గంజాయి వ్యాపారానికి అనుకూలంగా వ్యవహరిస్తానని, వ్యాపారి వేషంలో వచ్చిన ఎఫ్‌బీఐ మనిషి వద్ద 10,000 డాలర్లు పుచ్చుకొని పట్టుబడ్డాడు. కంచే చేను మేయడం అంటే ఇదే. అందరు సభ్యులూ ఇటువంటివారని నేను అనను; చాలామంది నిజాయితీపరులు. కాని ఒక్క సంతకం విలువ లక్షల డాలర్లు అయినప్పుడు, ఆ సంతకానికి నియమం లేనప్పుడు, లంచం పుట్టకపోతేనే ఆశ్చర్యం. ఆ లంచపు సొమ్ము చివరకు మందు ధరలో చేరి రోగి జేబు నుంచే వస్తుంది.

వ్యాపారులకూ ఒక మాట

ఈ తగవులో వ్యాపారులు పాపం ఎరుగనివారు కారు. సభలో రోగులను ముందు నిలబెట్టి, దుకాణం తెరిచిన తరువాత మిఠాయిల రూపంలో, రంగురంగుల కాగితాలలో, నానాటికీ టీహెచ్‌సీ పెంచిన సరుకును అమ్మడం ఔషధ వ్యాపారం కాదు. 2018లో ఓక్లహోమా ఓటర్లు ఔషధ గంజాయిని అనుమతించారు. ఊళ్ళు అడ్డుపడరాదన్నారు, లైసెన్సు రుసుము 2,500 డాలర్లే. కొద్ది సంవత్సరాలలో రెండు వేలకు పైగా దుకాణాలు వెలిశాయి. తట్టుకోలేక 2022లో కొత్త లైసెన్సులు ఆపారు. 2023 మార్చిలో వినోద గంజాయి ప్రతిపాదన ఓటుకు వస్తే ప్రజలు సుమారు 62 శాతం ఓట్లతో త్రోసిపుచ్చారు. కట్టడి లేని వ్యాపారం మీద ప్రజలకు కలిగే విసుగు చివరకు రోగుల మీదనే పడుతుంది.

మందు అని పేరు పెట్టినవారు మందుకు ఉండవలసిన కట్టుబాట్లన్నీ ఒప్పుకోవాలి. వైద్యుడు గంజాయిని సిఫారసు చేయవచ్చునని 2002లో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు చెప్పింది. కాని ప్రిస్క్రిప్షను వ్రాయడానికి సమాఖ్య చట్టం ఒప్పుకోదు. మోతాదు వ్రాయని మందును రోగి పట్టుకుపోతే, ఎంత వాడాలో చెప్పేది గల్లా పెట్టె దగ్గర నిలబడిన కుర్రవాడు! కనెక్టికట్ తన ఔషధ గంజాయి దుకాణాలను లైసెన్సు గల ఫార్మసిస్టుల నిర్వహణలో పెట్టింది. ఇది అన్ని రాష్ట్రాలూ అనుసరించవలసిన పద్ధతి.

చేయవలసిన పని

ఫ్లోరిడా 2017లో చేసిన చట్టంలో ఒక సగం ఎంతో మంచిది. దుకాణాన్ని అనుమతించే ఊరు, దాని స్థలం విషయంలో ఫార్మసీలకు పెట్టిన నియమాల కంటే కఠినమైనవి పెట్టరాదన్నది ఆ సగం. రెండవ సగం చెడ్డది: కావాలంటే ఊరు పూర్తిగా నిషేధించవచ్చు. మొదటి సగాన్ని ఉంచి రెండవ సగాన్ని తీసివేస్తే ఈ తగవు చాలావరకు తీరుతుంది.

అంటే నాలుగు నియమాలు కావాలి. ఔషధ గంజాయి దుకాణానికి ఫార్మసీకి ఉన్న స్థల నియమాలే ఉండాలి; పాఠశాలల నుంచి దూరం అదనంగా పెట్టవచ్చు. లైసెన్సు వ్రాతపూర్వకమైన అర్హతల మీద ఆధారపడాలి గాని ఏ ఒక్కరి లేఖ మీదా కాదు. దుకాణంలో ఫార్మసిస్టు, ప్రతి డబ్బా మీద పరీక్షా ఫలితం, టీహెచ్‌సీ, సీబీడీల పరిమాణం ఉండాలి. దుకాణం లేని ఊరిలో రోగి ఇంటికి మందు చేర్చడాన్ని ఎవరూ ఆపరాదు. వీటన్నిటికీ పైన, సమాఖ్య ప్రభుత్వం గంజాయిని మొదటి తరగతి నుంచి తప్పించి, పరిశోధనలకు, నికరమైన మోతాదులకు, ప్రిస్క్రిప్షనుకు దారి తీయాలి. అప్పుడు నగరసభలకు ఈ తలనొప్పే ఉండదు.

తెలుగు పాఠకులకు

ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఈ తగవు ఈ రూపంలో లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయి పూతను, చరస్‌ను నిషేధిస్తుంది. పూత లేని ఆకు దాని నిర్వచనంలోకి రాదు. పంచాయతీకో, పురపాలక సంఘానికో ఇందులో పాత్ర లేదు. విశాఖ మన్యం నుంచి దొంగతనంగా రవాణా అయ్యే గంజాయికీ, ఈ వ్యాసంలో చెప్పిన పరీక్షించిన ఔషధానికీ పోలిక లేదు. దీనిని చూపించి దానిని సమర్థించుకోరాదు.

అమెరికాలో ఉన్న తెలుగువారు, పిల్లలను చూడడానికి వెళ్ళే తల్లిదండ్రులు ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. రాష్ట్రం అనుమతించినా, ఊరు అనుమతించినా, వలస వ్యవహారాలలో చెల్లేది సమాఖ్య చట్టమే. పౌరసత్వం లేనివారికి గంజాయి వాడకం, ఆ వ్యాపారంలో ఉద్యోగం కూడా వీసాకు, గ్రీన్ కార్డుకు, పౌరసత్వానికి అడ్డు కావచ్చు. న్యాయవాదిని సంప్రదించకుండా ఆ దుకాణం గడప తొక్కవద్దు. కొన్నదానిని విమానంలో ఇండియాకు తీసుకురావడం ఏ పరిస్థితిలోనూ తగదు. ఇక్కడ అది జైలుశిక్షకు దారి తీసే నేరం.

పౌరులై, ఓటు హక్కు ఉన్నవారికి నా విన్నపం ఇది. మీ నగరసభలో ఈ ప్రశ్న వచ్చినప్పుడు గంజాయి మంచిదా, చెడ్డదా అనే చర్చలో చిక్కుకోకండి. ఆ చర్చకు వైద్యులు, పరిశోధకులు ఉన్నారు. సభ్యులను ఒక్క ప్రశ్న అడగండి: రాష్ట్రం అనుమతించిన ఈ మందు మన ఊరిలో కారు నడపలేని రోగికి ఏ దారిన చేరుతుంది? దానికి వారి వద్ద జవాబు ఉంటే ఏ నియమమైనా పెట్టనివ్వండి. జవాబు లేకపోతే ఆ ఆర్డినెన్సుకు మీ మద్దతు ఇవ్వకండి.